అరచేతంత పచ్చరంగు

శుక్రవారం పొద్దున్న బ్లెస్సీ తన రైస్ కుక్కర్ని వంటింట్లోంచి గదిలోకి పట్టుకుపోయింది.

దాని వెనకాలే బియ్యం డబ్బా వెళ్ళింది. తర్వాత ఉప్పు, కారం, చింతపండు. ఆఖర్న రెండు కంచాలూ రెండు గ్లాసులూ. జిద్దాలో, షరఫియాలోని ఆ రెండు గదుల ఇంట్లో రెండేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకుంటున్న అక్కచెల్లెళ్ళు పావుగంటలో వేరుపడ్డారు.

జాయ్సీ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి అప్పుడే వచ్చింది. తెల్ల యూనిఫాం ఇంకా విప్పలేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని చెల్లెలి రాకపోకలు చూస్తూ నిలబడింది.

"పోపుగరిట మర్చిపోయేవే," అంది చివరికి.

"ఉంచుకో. అదీ మీ ఆయన ఇప్పించిందే అంటావు మళ్ళీ."

నిన్న సాయంత్రం జాయ్సీ అన్న మాట అలాంటిదే మరి. 'మా ఆయన కఫీల్ చుట్టూ తిరిగి వీసా ఇప్పించకపోతే మీ ఆయన ఇంకా తణుకులో స్కూటర్లు విప్పుకుంటూ ఉండేవాడు' అంది. బ్లెస్సీ భగ్గుమంది. ఆమె మొగుడు ఎరిక్ మాత్రం నవ్వుతూ, "నిజమే కదా వదినా" అన్నాడు. గొడవ అక్కడితో ఆగిపోవలసింది. కానీ ఆ నవ్వు చూసి జాయ్సీ మొగుడు వరదానం తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

వరదానానికి తోడల్లుడంటే కడుపుమంట. దాచడం ఎందుకు, అంతకన్నా మర్యాదైన మాట దానికి దొరకదు.

ఎరిక్ కోపిష్టి అయినా, పొగరుబోతు అయినా వరదానం ఎలాగో సర్దుకునేవాడు. ఆ కుర్రాడికి అవేమీ లేవు. 'అన్నయ్యా, అన్నయ్యా' అంటూ వెనకాలే తిరుగుతాడు. తిరుగుతూనే వరదానం పద్నాలుగేళ్ళుగా కట్టుకున్నదంతా ఒక్కొక్కటే తన వైపు లాక్కున్నాడు. ముందు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ ఫైసల్ నమ్మకం. ఆ తర్వాత పాత కార్లు బాగుచేసే షెడ్డు తాళాలు. తొమ్మిదేళ్ళు వరదానం నడుముకి వేలాడిన గుత్తి అది.

అంతా ఆ పాత కమారో కారు వల్ల వచ్చింది.

అబూ ఫైసల్ తండ్రి పోయాక, బురైదా దగ్గర ఖర్జూర తోటలో, పాకలో, గోనెల కింద దొరికిందా బండి. అరవైతొమ్మిదో సంవత్సరపు అమెరికా బండి. ముదురు పచ్చ రంగు, పాతికేళ్ళుగా కదిలిన పాపాన పోలేదు. దాన్ని జిద్దాకి తెచ్చిన రోజున వరదానం చొక్కా చేతులు మడిచాడు. రేకు కనిపించేదాకా గీకి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, ఏడు పూతలు వేస్తే పెళ్ళికొడుకులా ఉంటుందన్నాడు. మూడేళ్ళ కిందట ఎర్ర మస్టాంగ్ కారుని అలా చేసింది తనే. దాన్ని చూడటానికి రియాద్ నుంచి జనం వచ్చారు.

"వద్దు బాబా," అన్నాడు ఎరిక్ కఫీల్‌తో. "రంగు ఎప్పుడైనా వెయ్యొచ్చు. ఫ్యాక్టరీలో వేసింది ఒకసారి గీకేస్తే మళ్ళీ ఎవరూ తేలేరు. వేలంలో ఇప్పుడు ముట్టుకోని బండికే గిరాకీ." ఇంటర్నెట్‌లోంచి తీసిన కాగితాలు కూడా చూపించాడు. కొత్త రంగు వేసిన కమారో ఎంతకి పోయిందో, వెలిసిపోయిన రంగుతో ఉన్నది ఎంతకి పోయిందో. రెండోది రెట్టింపు.

వెలిసిపోయిన రంగుకి రెట్టింపు! తన చేతిపని మొత్తం ఒక కుర్రాడు రెండు కాగితాలతో కొట్టిపారేశాడు. ఎర్ర మస్టాంగ్ ఇప్పుడు షెడ్డులో ఓ మూల టార్పాలిన్ కప్పుకుని ఉంది. వచ్చినవాళ్ళందరూ ఆ పచ్చబండి ముందే నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

*

"అన్నయ్యా, రేపు మీరు నా పక్కనే ఉండాలి," అన్నాడు ఎరిక్, గదిలోంచి బయటికి వస్తూ. భార్య కుక్కర్ ఎందుకు మోసుకొచ్చిందో అడిగే ధైర్యం లేనివాడిలా తల దించుకుని చెప్పులు వెతుక్కుంటున్నాడు.

వరదానం సింకు దగ్గర చేతులు రుద్దుకుంటున్నాడు. "నేనెందుకయ్యా? రంగు వెయ్యని బండికి పెయింటరుతో ఏం పని?"

"అలాగంటే ఎలా? దుబాయ్ వేలం కంపెనీ మనిషి వస్తున్నాడు. రంగు గురించి అడిగితే నాకేం తెలుసు?"

"బాబాకి పాఠాలు చెప్పినప్పుడు తెలిసిందిగా."

"అవి చదివి చెప్పేను అన్నయ్యా. చేతిపని మీది." ఎరిక్ మొహంలో వెటకారం వెతికాడు వరదానం. దొరకలేదు. అదే ఇంకా మండించింది. "ఆయన రంగు మందం కొలిచే మిషను తెస్తున్నాడంట. బండి మీద పెడితే నంబరు చూపిస్తాదంట. ఎక్కడైనా మళ్ళీ వేసి ఉంటే ఇట్టే తెలిసిపోద్దంట."

వరదానం చేతులు నీళ్ళ కింద ఆగిపోయాయి.

"మనకేం భయం?" అన్నాడు ఎరిక్. "ఎక్కడా ముట్టుకోలేదని కాగితం మీద సంతకం పెట్టేను. అబద్ధమని తేలితే నీకు ఎగ్జిట్టే, ఇండియాకి పంపించేస్తానన్నాడు బాబా. నవ్వుతూనే అన్నాడనుకోండి."

"ఆయన నవ్వుతూనే మొన్న సుడానీ డ్రైవర్ని పంపించేసేడు," అంది బ్లెస్సీ గదిలోంచి. "నువ్వెళ్ళిపోతే నా ఆసుపత్రి వీసా మీద నేనొక్కదాన్నీ ఈ దేశంలో ఏం చెయ్యాలి? సంతకం పెట్టేముందు అడిగేవా నన్ను?"

"ముట్టుకోలేదని నాకు తెలుసు కదే."

మొగుడూ పెళ్ళాం ఆ మాట మీదే వాదించుకుంటూ కూరగాయలకి వెళ్ళిపోయారు. తలుపు మూసుకుంది. కుళాయి మాత్రం అలా పోతూనే ఉంది.

జాయ్సీ వచ్చి కుళాయి కట్టేసింది. మొగుడి కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళు వెలుతురుకి తిప్పింది. ఇరవై ఏళ్ళుగా రోగుల గోళ్ళ రంగు చూస్తున్న మనిషి.

"ఈ నెలంతా మీరు తెల్ల వ్యానుకి కదా రంగు వేస్తున్నారు?"

"ఊఁ."

"మరి గోళ్ళల్లో ఈ పచ్చ ఎక్కడిది?"

వరదానం చెయ్యి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"సోమవారం చొక్కా నానబెట్టినప్పుడు కూడా చూసేను. మీ షెడ్డులో పచ్చబండి ఒక్కటే ఉంది. చెప్పండి. ఏం చేసేరు?"

వరదానం బల్ల మీద కూలబడ్డాడు. ఎదురుగా ఉన్న గోడకి చెబుతున్నట్టు చెప్పాడు.

ఆదివారం ఎరిక్ బండి కొన్నప్పటి రసీదు వెతకడానికి బురైదా వెళ్ళాడు. రెండు రోజులు తాళాలు వరదానం దగ్గర ఉన్నాయి. 'జాగ్రత్త అన్నయ్యా' అని మరీ ఇచ్చాడు, తొమ్మిదేళ్ళు కాపలా కాసినవాడికి! షెడ్డులో ఒంటరిగా ఆ బండి చుట్టూ తిరుగుతుంటే వరదానానికి ఒక ఆలోచన వచ్చింది. ఏ పెయింటరైనా కొత్త గిరాకీకి ముందుగా చేసేదే. కంటికి కనపడని చోట అరచేతంత మేర రుద్ది మెరిపించి, చూశారా, బండంతా ఇలా తయారవుతుంది అని చూపించడం. ఆ మెరుపు చూసి ఒప్పుకోని యజమాని వరదానానికి ఇంతవరకూ తగల్లేదు. అబూ ఫైసల్ కూడా చూస్తే మనసు మార్చుకుంటాడు. ఎరిక్ తిరిగొచ్చేసరికి కాగితాలన్నీ చెత్తబుట్టలో ఉంటాయి.

డిక్కీ మూత కింది అంచు దగ్గర పాలిష్ కాంపౌండ్ పెట్టి రుద్దాడు.

"ఎన్నిసార్లు రుద్దేనే? పది, పన్నెండు. అంతే. ఈ రోజుల రంగయితే ఏమీ కాదు. అది ముప్ఫై ఎనిమిదేళ్ళ రంగు. అంచు మీద ఉల్లిపొరలా ఉంది. గుడ్డ ఎత్తి చూస్తే రంగంతా పోయి కింద ప్రైమర్ కనపడింది."

"దేవా," అంది జాయ్సీ.

"ఆ రాత్రి నిద్ర లేదు. సోమవారం తెల్లారకుండా వెళ్ళి రంగు కలిపేను. నాలుగుసార్లు కలిపితే గానీ ఆ పచ్చ రాలేదు. పల్చగా పూత మీద పూత వేసేను, ఆరబెట్టి మెరుపు చంపేను. డిక్కీలో బురైదా తోట మట్టి ఉంది చూడు, దాన్నే గుడ్డకి అద్ది రుద్దేను. అయిపోయేక నాకే కనపళ్ళేదు జాయ్సీ. ఎక్కడ వేసేనో నాకే కనపళ్ళేదు!"

చెబుతున్నవాడి గొంతు చివర్లో మారింది. జాయ్సీ అది కనిపెట్టింది. తప్పు ఒప్పుకుంటున్నవాడి గొంతు కాదది.

"బుధవారం ఎవరో బండి చూడ్డానికి వస్తే ఎరిక్ ఏం చేసేడో తెలుసా? సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టి నిమిరేడు. 'చూడండి, ఇలాంటి రంగు ఇప్పుడు వేసేవాళ్ళే లేరు' అన్నాడు. నేను పక్కనే వ్యానుకి పుట్టీ పెడుతున్నాను. నా నోరు ఎలా పట్టుకున్నానో దేవుడికి తెలుసు!"

"మీకు నవ్వొచ్చిందా?"

"ఏడుపొచ్చింది."

ఆమె అతని చెయ్యి వదిలేసింది. "ఎరిక్‌కి చెప్పెయ్యండి. ఆ మిషను రాకముందే. వాడు ఆ కాగితం వెనక్కి తీసుకుంటాడు."

"చెప్పి? వాడి ముందు తల దించుకోనా?"

"లేకపోతే వాణ్ణి పంపించేస్తారు. మా చెల్లి ఇక్కడొక్కతే ఉండిపోద్ది. మీకది తెలుస్తోందా?"

"తెలుసు."

"తెలిసే ఊరుకున్నారా నాలుగు రోజులు?"

దానికి వరదానం దగ్గర జవాబు ఉంది, కానీ భార్యకి చెప్పదగ్గది కాదు. ఊరుకున్నది భయం వల్ల కొంత. మిగతాది, ఎరిక్ సామాను సర్దుకుంటున్నట్టు ఒకటి రెండుసార్లు ఊహించుకుని చూసుకున్నాడు. ఊహ బాగానే ఉంది.

"రేపు పొద్దున్న చెబుతాను," అన్నాడు.

"నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టు."

*

శనివారం పొద్దున్న కారులో ఎరిక్ పక్కనే కూర్చుని షెడ్డుకి వెళ్ళాడు వరదానం. ఇరవై నిమిషాల దారి. మొదటి సిగ్నల్ దగ్గర చెబుదామనుకున్నాడు. రెండో సిగ్నల్ దగ్గర ఎరిక్ తన టిఫిన్ డబ్బా తెరిచి, "బ్లెస్సీ ఉప్మా గదిలోనే వండింది అన్నయ్యా, పొగకి చచ్చిపోయేం" అని నవ్వి, సగం అతనికి పెట్టాడు. వరదానం తిన్నాడు. తింటూ చెప్పడం కుదరదు కదా అనుకున్నాడు. ఇంతలో షెడ్డు వచ్చేసింది.

వేలం కంపెనీ మనిషి అప్పటికే వచ్చి ఉన్నాడు. లెబనాన్ అతను, తెల్ల చొక్కా, మెడలో కళ్ళజోడు. సెల్‌ఫోనంత మిషను బండి మీద ఆనించి నంబరు చదువుతున్నాడు. ఎరిక్ రాసుకుంటున్నాడు. అబూ ఫైసల్ కుర్చీ వేయించుకుని జపమాల తిప్పుతూ కూర్చున్నాడు.

బానెట్, నూట పది. ఎడమ తలుపు, నూట ఇరవై. కప్పు, నూట ఐదు. అబూ ఫైసల్ ప్రతి నంబరుకీ తలూపుతున్నాడు. ఎరిక్ ఒక్కసారి తలెత్తి వరదానం వైపు చూసి కళ్ళతో నవ్వాడు. పరీక్షలో మార్కులు బాగా వస్తున్న పిల్లాడిలా ఉన్నాడు.

డిక్కీ. నూట పది. నూట పదిహేను. అంచు.

రెండువందల ముప్ఫై.

ఆ మనిషి మిషను తుడిచి మళ్ళీ పెట్టాడు. అదే నంబరు. కళ్ళజోడు పెట్టుకుని, మోకాళ్ళ మీద వంగి, చిన్న లైటు వేసి చాలాసేపు చూశాడు. తర్వాత అరబ్బీలో మాట్లాడాడు. పద్నాలుగేళ్ళ పుణ్యమా అని వరదానానికి ప్రతి మాటా అర్థమైంది.

"ఇక్కడ మళ్ళీ వేశారు. కొత్త రంగు. అరచేతంత ఉంటుంది." ఆగి, తల అడ్డంగా ఊపాడు. "కానీ ఎవరు వేశారో గానీ! పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, ఇలాంటి పని చూడలేదు. మిషను లేకపోతే నేనూ మోసపోయేవాణ్ణి."

వరదానం గుండెలో ఏదో పొంగింది. ఎర్ర మస్టాంగ్‌కి కూడా ఎవరూ అలా అనలేదు.

అబూ ఫైసల్ లేచి నిలబడ్డాడు. "ఎవరు చేశారు?"

ఎరిక్ కాగితం కేసి చూశాడు, ఆ అంచు కేసి చూశాడు. తర్వాత నెమ్మదిగా తిరిగి వరదానాన్ని చూశాడు. అలాంటి పచ్చ కలపగలిగిన చెయ్యి ఆ ఊళ్ళో ఒక్కటే ఉందని అతనికి తెలుసు. అడుగుతున్నట్టు చూశాడు. ఎదురు చూశాడు.

వరదానం నేల కేసి చూశాడు.

"నేనే బాబా," అన్నాడు ఎరిక్. "గీత పడితే సరిచేసేను. చెప్పకపోవడం తప్పే."

ఆ మాట చెవిన పడగానే వరదానానికి ఒళ్ళు తెలియలేదు. తాళాలు తీసుకున్నాడు, నమ్మకం తీసుకున్నాడు, ఇప్పుడు ఇది కూడానా?

"అబద్ధం!" అని అరిచాడు. "వీడికి రంగు కలపడం కాదు కదా, డబ్బా మూత తియ్యడం కూడా రాదు! అది నా పని! నా చేత్తో వేసేను! నాలుగుసార్లు కలిపితే వచ్చిన రంగది!"

అరిచింది తెలుగులో.

ఎంత కోపమొచ్చినా, ఎంత ఏడుపొచ్చినా వరదానానికి వచ్చేది ఆ ఒక్క భాషే. లెబనాన్ అతను బిత్తరపోయి చూశాడు. అబూ ఫైసల్‌కి హిందీ వచ్చు, తెలుగు ఒక్క ముక్క రాదు. ఎరిక్ వైపు తిరిగాడు.

"క్యా బోలా?"

ఎరిక్ అన్నయ్య మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. అంతవరకూ తెలియని సంగతేదో అర్థమైన మనిషి చూపులా ఉంది.

"నన్ను తిడుతున్నాడు బాబా," అన్నాడు హిందీలో. "తను ఇప్పించిన వీసాకి మచ్చ తెచ్చేనని."

అబూ ఫైసల్ పెద్దగా ఊపిరి వదిలాడు. చెయ్యి చాచాడు. ఎరిక్ జేబులోంచి ఇఖామా, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, తీసి ఆ చేతిలో పెట్టాడు. తర్వాత నడుముకున్న తాళాలగుత్తి విప్పి అది కూడా పెట్టాడు. రేపు పొద్దున్న జవాజాత్‌కి, పాస్‌పోర్టు ఆఫీసుకి, వెళ్ళి ఎగ్జిట్ కొట్టించమని, అప్పటిదాకా వీడు షెడ్డు దాటకూడదని గుమస్తాకి చెప్పాడు కఫీల్.

వరదానం నోరు తెరిచాడు. 'అనా' అంటే చాలు. నేను అని అర్థం. రోజుకి వందసార్లు వాడే అరబ్బీ మాట. అది అనలేదు.

"వల్లా, వరదానం," అన్నాడు అబూ ఫైసల్, అతని భుజం తట్టి. "సొంత మనిషి తప్పు చేసినా ఊరుకోలేదు. నీలాంటి నమ్మకస్తుణ్ణి పక్కన పెట్టి పొరపాటు చేశాను."

తాళాలగుత్తి వరదానం అరచేతిలో పడింది. ఇంకా వెచ్చగా ఉంది.

వరదానం బయటికి వెళుతుంటే ఎరిక్ వెనక నుంచి పిలిచాడు. "అన్నయ్యా, బ్లెస్సీకి మీరే వెళ్ళి చెప్పండి. ఫోన్లో చెబితే బెంబేలెత్తిపోతాది."

*

సాయంత్రం తలుపు తీసింది బ్లెస్సీ.

ఇంటినిండా చేపలపులుసు వాసన. వంటింట్లో గట్టు మీద రైస్ కుక్కర్ మళ్ళీ పాత చోటికి వచ్చేసింది. పక్కనే బియ్యం డబ్బా, ఉప్పు, కారం. కంచాలూ వచ్చేశాయి.

"అక్కే వచ్చి బతిమాలింది బావా," అంది బ్లెస్సీ సిగ్గుపడుతూ. "తప్పంతా మాదేనే అని ఒకటే ఏడుపు. ఎందుకో నాకర్థం కాలేదు గానీ నాకూ ఏడుపొచ్చేసింది. నలుగురికీ కలిపే వండేం. ఏరి ఈయన? కారు పెట్టడానికి చోటు దొరకలేదా?"

వరదానం చెప్పులు విప్పుతూ వంగాడు. నడుము దగ్గర గుత్తి గలగలమంది. చెయ్యి వేసి పట్టుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

వంటింటి గుమ్మంలో జాయ్సీ పోపుగరిటతో నిలబడి ఉంది. తాళాల వైపు చూసింది. తర్వాత అతని గోళ్ళ వైపు చూసింది.

"చెప్పేరా?" అంది.

"ఏం చెప్పాలి?" అంటూ బ్లెస్సీ ఇద్దరి మొహాలూ చూసింది. సరేలే, వాళ్ళ గొడవేదో వాళ్ళదనుకుని వంటింట్లోకి వెళ్ళి, నాలుగో కంచం తుడిచి బల్ల మీద పెట్టింది.